మంకెన ఊఁ కొట్టలేదు

అనగనగా ఒక రాజు. ఊఁ కొట్టండర్రా! ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే కథ గోడకు చెప్పుకున్నట్టే. కొట్టారా? సరే. దేనికి కొట్టారో తెలిసే కొట్టారా? తెలియదు కదూ. ఆ రాజుకూ తెలియదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మల్లెమడుగు రాజ్యాన్ని ఏలే ఆ రాజు పేరు నందివర్ధనుడు. మంచివాడే. చెడ్డవాడైతే నాకింత కోపం వచ్చేది కాదు. ఆయనకు ఒక్కటే జబ్బు, ఎవరేం చెప్పినా "ఊఁ" అనడం. మంత్రి వచ్చి "ప్రభూ, చెరువు తవ్విద్దామా?" అంటే "ఊఁ". సేనాపతి వచ్చి "ప్రభూ, ఆ చెరువు పూడ్చేసి గుర్రపుశాల కట్టిద్దామా?" అంటే "ఊఁ". వంటవాడు వచ్చి "ఇవాళ కూర మాడిపోయింది ప్రభూ" అన్నా "ఊఁ". గంగిరెద్దు కూడా ఎప్పుడో ఒకసారి తల అడ్డంగా ఊపుతుంది. ఈయనకు అదీ చేతకాదు.

ఆ రాజుకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు వీరకేతు. రెండోవాడు సోమకేతు. మూడోది ఆడపిల్ల, పేరు మంకెన. మంకెన అంటే మిట్టమధ్యాహ్నం ఎర్రగా విచ్చే పువ్వు. పుట్టినప్పుడు ముఖం అంత ఎర్రగా చేసుకుని ఏడ్చిందని ఆ పేరు పెట్టారు. పెరిగాక దాదులు మాత్రం "మంకెన కాదమ్మా, మంకు" అనేవారు. ఏం చెప్పినా ముందు "ఎందుకు?" అంటుంది. నచ్చకపోతే "ఊహూఁ" అంటుంది. ఆ ఇంట్లో ఊఁ తండ్రిది, ఊహూఁ కూతురిది.

ఒకరోజు కొలువుకు ఒక కథలు చెప్పేవాడు వచ్చాడు. పేరు మధుకంఠుడు. గొంతు నిజంగా తేనే. భుజం మీద ఒక పచ్చ చిలక. వాడు మాంత్రికుడని ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు కూడా. "ప్రభూ, ఒక కథ చెప్పమంటారా?" అన్నాడు. "ఊఁ" అన్నాడు రాజు.

"అనగనగా మల్లెమడుగు అనే రాజ్యం."

"ఊఁ."

"ఆ రాజ్యానికి నందివర్ధనుడనే రాజు."

"ఊఁ" అన్నాడు రాజు. తన పేరు విన్నందుకు మీసం కూడా దువ్వుకున్నాడు.

"ఆ రాజు తన కూతురు మంకెనను పచ్చకొండ మీద ఉండే మాంత్రికుడికి ఇచ్చి పెళ్ళి చేశాడు. వచ్చే పున్నమికి పంపేశాడు."

"ఊఁ" అన్నాడు రాజు.

అన్నాడండీ! కొలువులో నూరుమంది ఉన్నారు. మంత్రి ఉన్నాడు, సేనాపతి ఉన్నాడు, పెద్ద పెద్ద తలపాగాలు ఉన్నాయి. ఒక్కడికీ నోరు పెగల్లేదు. కూర్చున్న మంకెన దిగ్గున లేచేసరికే ఆమె వేలికి ఎక్కడినుంచో ఒక గడ్డిపోచ వచ్చి ఉంగరంలా చుట్టుకుంది. లాగితే రాలేదు. కత్తి పెడితే కత్తి మొద్దుబారింది. మధుకంఠుడు నవ్వి, చిలకను నిమిరి, "పున్నమి నాటి పొద్దు గుంకేలోగా పంపండి మామగారూ" అని వెళ్ళిపోయాడు.

అప్పుడు తెలివి వచ్చింది రాజుకు. "అయ్యో తల్లీ, పరధ్యానంలో మాట ఇచ్చేశానే!" అని తల పట్టుకున్నాడు.

మంకెన ముఖం మంకెనపువ్వే అయింది. "మీరిచ్చింది మాట కాదు నాన్నగారూ. నన్ను ఇచ్చారు. ఇచ్చేముందు నన్నొకసారి అడిగితే ఏం పోయేది? కొత్త చెప్పులు కొనేటప్పుడు కూడా కాలిని అడుగుతారు కదా, పడుతుందా లేదా అని!"

మంత్రి గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయిగారు కూడా అప్పుడే కాదనవలసింది. మౌనం అర్ధాంగీకారమని పెద్దలు…"

"నేను నోరు తెరిచేలోగా ఊఁ అయిపోయింది. మీ నోరు తెరిచే ఉంది కదా, మీరేం చేశారు?" అంది మంకెన. మంత్రి తలపాగా సర్దుకున్నాడు.

మౌనం అర్ధాంగీకారమట! ఎవడన్నాడో గానీ వాడి నోట్లో మన్ను. పిల్ల మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు, మాట్లాడితే మంకుపట్టు. ఇక ఎటు పోవాలి పిల్ల?

పెద్దన్న వీరకేతు కత్తి దూశాడు. "చెల్లీ, వాడి తల తెస్తాను" అని గుర్రమెక్కి పోయాడు. వారమైంది, రాలేదు. చిన్నన్న సోమకేతు "మంచిమాటతో తెగేదాన్ని కత్తితో ఎందుకు? నేను మాట్లాడి వస్తాను" అని పోయాడు. వారమైంది, రాలేదు. మంకెన వేలికున్న గడ్డి ఉంగరం రోజుకింత బిగుస్తూ వచ్చింది. వేలు వాచి నల్లబడింది. పున్నమి ఇంకా మూడు రోజులుందనగా ఆమె లేచి, కొంగు నడుముకు చుట్టి, దారికి రొట్టెలు మూటగట్టుకుంది.

"నేనే పోతున్నాను. పెళ్ళికి కాదు, అడగడానికి" అంది.

రాజు ఏడుస్తూ "నేనూ రానా తల్లీ?" అన్నాడు.

"వద్దు. మీరొస్తే దారిలో ఇంకెవరికి ఊఁ అంటారో" అంది. అన్నాక గడప దాటుతూ ఆమెకూ ఏడుపొచ్చింది. కానీ వెనక్కి తిరగలేదు.

కథల్లో రాకుమారులు ఏడు సముద్రాలు దాటుతారు. ఈ కథలో సముద్రాలు లేవు. ఉన్నది ఒక్క కొండ, అది చాలు. మూడు రోజులు నడిచి, సరిగ్గా పున్నమి రోజు పొద్దున మంకెన దాని కిందకు చేరింది.

ఎంత అందంగా ఉందనుకున్నారు ఆ కొండ! కింది నుంచి పై దాకా పచ్చగడ్డి. ఒక ముళ్ళచెట్టు లేదు, ఒక పొద లేదు. మోకాలెత్తు గడ్డి మెత్తగా, వత్తుగా పరుచుకుని ఉంది. గాలి లేకపోయినా మెల్లగా ఊగుతోంది. అంతా నిశ్శబ్దం. మిడత చప్పుడు లేదు, పిట్ట కూత లేదు. ఇంత గడ్డి ఉన్న కొండమీద ఒక్క పశువైనా మేయడం లేదేమిటా అని మంకెన నిలబడి చూసింది.

కొండ మొదట్లో ఒక తెల్లబండ. ఆ బండ నీడలో ఒక మేక పడుకుని ఉంది. నుదుటి మీద తెల్లచుక్క. ఎముకలు లెక్కపెట్టొచ్చు, అంత బక్కగా ఉంది. ఎండిన జిల్లేడాకు నములుతోంది.

"ఎదురుగా ఇంత పచ్చిక పెట్టుకుని జిల్లేడు తింటున్నావేం?" అంది మంకెన.

మేక తలెత్తి చూసింది. "ఆ గడ్డా? చచ్చినా ముట్టను. అది గడ్డి కాదు బిడ్డా, మనుషులు. ఒక్కో పోచ ఒక్కో మనిషి. అందులో నా ఓబన్న కూడా ఉన్నాడు. నేను తప్పిపోతే నన్ను వెతుక్కుంటూ కొండెక్కాడు. మూడేళ్ళయింది. ఏ పోచో తెలియదు. తెలియనప్పుడు ఎట్లా తినమంటావు?"

మంకెన మూట విప్పి మిగిలిన రొట్టెలు రెండూ దాని ముందు పెట్టింది. మేక ఒకటి తిని, రెండోది ఆమె వైపు తోసింది. ఇద్దరూ తిన్నాక మేక అసలు సంగతి చెప్పింది.

"పైన మాంత్రికుడి దగ్గర ఒక చిలక ఉంది. ఆ చిలక వింటుండగా ఎవరు కథ చెప్పినా సరే, దానికి ఎవరైనా ఊఁ కొడితే ఆ కథ నిజమైపోతుంది. ఈ తెల్లబండ దాటితే చిలక చెవిన పడతాం. నువ్వు నడుస్తుంటే గాలిలో కథ వస్తుంది. చివర్లో 'గడ్డిపోచై నిలిచింది' అంటుంది. ఊఁ అన్నావా, అయిపోయావు. మొన్న గుర్రం మీద ఒకడొచ్చాడు, వాణ్ణి శూరుడు, వీరుడు అని పొగిడితే ప్రతి మాటకూ ఊఁ కొట్టాడు. తర్వాత ఒకడొచ్చాడు, మర్యాదస్తుడు. పెద్దాయన గొంతుతో కథ చెబితే, ఊఁ కొట్టకపోతే బాగుండదని కొట్టాడు."

"మా అన్నయ్యలు" అంది మంకెన పళ్ళు బిగించి. "మరి నువ్వెట్లా బతికావు?"

"నాకు మాటలన్నీ వచ్చు గానీ, ఊఁ రాదు. మే అనే వస్తుంది" అంది మేక.

బండ పగులులో కాపురముండే కౌజుపిట్ట ఒకటి తల బయటపెట్టింది. "వాడి ప్రాణం ఎక్కడుందో చెప్పవేం? ఆ చిలక గొంతులోనే దాచాడు. చిలకను చంపితే పోతాడు, కానీ చిలకతో పాటు గడ్డంతా ఎండిపోతుంది. ఈ మనుషులు ఇక లేవరు."

"అయితే ఏం చెయ్యాలి?"

"అది నాకూ తెలియదు" అంది కౌజుపిట్ట. "మా అమ్మమ్మ మాత్రం ఒక మాట అనేది. ఆ చిలక పిల్లగా ఉన్నప్పుడు వాళ్ళమ్మ తొర్రలో కూర్చోబెట్టుకుని దానికి కథ చెబుతోందట. సగంలో ఉండగా ఈ మాంత్రికుడు చెయ్యి పెట్టి ఎత్తుకొచ్చాడట. వాడు నేర్పినట్టల్లా అది వెయ్యి కథలు చెప్పింది గానీ, ఆ తర్వాత దానికి కథ చెప్పినవాళ్ళు లేరు. ఒకసారి నేను నా గుడ్ల సంగతి పైకి అరిచి సగంలో ఆపితే, మూడు రోజులు పంజరంలో అటూ ఇటూ తిరిగింది పాపం."

పిల్లను తల్లి దగ్గర్నుంచి, కథను సగంలోంచి లాక్కొచ్చాడన్నమాట. మంకెనకు కోపం నెత్తికెక్కింది. చెప్పులు విప్పి బండ దగ్గర పెట్టింది. మనుషుల మీద చెప్పుకాళ్ళతో ఎట్లా నడుస్తుంది? మేక ముందు నడుస్తూ రాయి ఎక్కడుందో చూపిస్తుంటే, ఆ రాయి మీదా ఈ రాయి మీదా కాలు పెట్టుకుంటూ కొండ ఎక్కడం మొదలుపెట్టింది.

ఆ కొండకు మూడు మలుపులు. మొదటి మలుపు దాకా ఏ అలికిడీ లేదు. గడ్డి మాత్రం ఆమె చీలమండలకు తగులుతోంది, చంటిపిల్లలు వేళ్ళు పట్టుకున్నట్టు. వీళ్ళలో ఎవరు అన్నయ్యలో అని చూసుకుంటూ మంకెన నడిచింది. మలుపు తిరగగానే గాలిలో ఒక గొంతు వినబడింది.

"అనగనగా ఒక రాకుమారి. అంత తెలివైనది ఏడేడు లోకాల్లో లేదు. అందరూ ఊఁ అంటుంటే తానొక్కతే ఎందుకని అడిగేది."

నిజమే కదా అనుకుంది మంకెన. నడక కాస్త నెమ్మదించింది. పొగిడితే ఎవరికి చేదు?

"అంత తెలివైనది కనుక, ఇంత ఎండలో కొండెక్కడం దండగని తెలుసుకుంది. చల్లగా కూర్చుంది. కూర్చున్నచోటే గడ్డిపోచై నిలిచింది."

గొంతు ఆగింది. ఊఁ కోసం చెవి ఒగ్గినట్టు కొండంతా ఆగింది. మేక తోకైనా ఊపలేదు.

"ఊహూఁ!" అంది మంకెన. "నా తెలివిని నాకే అమ్ముతున్నావా? కూర్చోను." ఆ కథ అక్కడికి తెగిపోయింది. ఉంగరం మాత్రం ఇంకొంచెం బిగిసింది.

రెండో మలుపు దగ్గరకు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. కాళ్ళు బొబ్బలెక్కాయి. ఈసారి వచ్చింది ముసలమ్మ గొంతు. అచ్చం ఆమెను పెంచిన దాది గొంతులా ఉంది.

"అమ్మా, కళ్ళు కనబడని ముసలిదాన్ని. కథ చెప్పుకుంటే నాలుగు మాటలు వినే దిక్కు లేదు. ఒక పిల్ల ఉండేదమ్మా. పెద్దలంటే ఎంత భక్తో! పెద్దలు చెప్పినచోట కూర్చునేది, పెద్దలు చెప్పినచోట గడ్డిపోచై నిలిచేది. వింటున్నావా తల్లీ?"

ఇదీ అసలైన మోసం. "వింటున్నావా తల్లీ?" అని పెద్దావిడ అడిగితే మనం ఏమంటాం? ఊఁ అంటాం. చిన్నప్పుడు పాలతోపాటు పట్టించిన మర్యాద అది. మంకెన పెదాలు కలుసుకున్నాయి, గొంతులో గాలి నిండింది. ఊఁ నాలుక వెనకదాకా వచ్చి కూర్చుంది.

ఇట్లాగే కదా చిన్నన్న పోయాడు! మర్యాద తెలిసిన పాపానికి, ఎదుటివాళ్ళను నొప్పించకూడదనుకున్న పాపానికి! మంకెనకు ఒళ్ళు మండిపోయింది.

"వింటున్నాను అవ్వా. వింటున్నాను గానీ ఒప్పుకోవడం లేదు. రెండూ ఒకటి కాదు" అంది. ముసలి గొంతు గాలిలో కలిసిపోయింది.

మూడో మలుపుకు పొద్దు వాలింది. అక్కడ వినబడిన గొంతుకు మంకెన కాళ్ళు ఆగిపోయాయి. అది నందివర్ధన మహారాజు గొంతు.

"అనగనగా ఒక తండ్రి. పరధ్యానంలో కూతురికి అన్యాయం చేశాడు. అది గడప దాటాక అన్నం ముట్టలేదు. పశ్చాత్తాపంతో కుంగిపోయాడు. ఆ తండ్రిని ఆ పిల్ల క్షమించి, కోపమంతా విడిచి, మనసు చల్లబడి, ఈ చల్లని కొండమీద గడ్డిపోచై నిలిచింది. కోపం పోయిందా తల్లీ?"

మంకెనకు కళ్ళు నిండిపోయాయి. చిన్నప్పుడు భుజం మీద ఎక్కించుకుని తిప్పిన నాన్న. చందమామ కావాలంటే దానికీ ఊఁ అన్న నాన్న. కోపం మోసి మోసి ఆమెకూ అలుపొచ్చింది. పోయిందంటే ఎంత తేలిక! ఒక్క ఊఁ అంటే చాలు. నోటిదాకా వచ్చింది. మేక భయపడి ఆమె కొంగు పళ్ళతో పట్టుకుంది.

అంతలో వేలు సలిపింది. ఉంగరం ఎముకదాకా దిగుతోంది.

"పోలేదు!" అని అరిచింది మంకెన. కొండ మారుమోగింది. "నా కోపం ఎక్కడికీ పోలేదు! అది నాదీ మా నాన్నదీ. ఉంచుకుంటే ఆయన ముందే ఉంచుకుంటాను, పోగొట్టుకుంటే ఆయన ముందే పోగొట్టుకుంటాను. మధ్యలో నువ్వెవరివిరా?"

గొంతు టక్కున ఆగిపోయింది. మంకెన ముఖం తుడుచుకుని, ఏడుస్తూనే, ఎర్రటి ముఖంతో కొండ కొస ఎక్కింది.

పైన ఒక రాతి అరుగు. అరుగు మీద మధుకంఠుడు బాసింగం కట్టుకుని తయారుగా కూర్చున్నాడు. పక్కన వెదురు పంజరంలో చిలక. పడమట సూర్యుడు బారెడు ఎత్తులో ఉన్నాడు.

"పెళ్ళికూతురు తనంతట తానే వచ్చింది!" అన్నాడు మాంత్రికుడు. "ఇష్టమేగా?"

మంకెన మాట్లాడలేదు. రొప్పుతోంది.

"మౌనం అర్ధాంగీకారం. మిగతా సగం మీ నాన్న ఇచ్చాడు. మొత్తం అయింది" అని నవ్వాడు.

"నా మౌనం నాది. అందులో సగం నీకెవడు పంచాడు?" అంది మంకెన. "పొద్దు గుంకేదాకా గడువుంది. ఇందాకా నువ్వు చెప్పిన కథలు నేను విన్నాను. ఇప్పుడు నేను చెబుతాను, నువ్వు విను. భయమైతే చెప్పు, మానేస్తాను."

మాంత్రికుడికి పౌరుషం వచ్చింది. "నాకా భయం? చెప్పుకో. నేను ఊఁ కొట్టను. నా చిలకా కొట్టదు. అది నేను నేర్పిన పలుకే పలుకుతుంది."

మంకెన వాడి వైపు చూడనైనా లేదు. పంజరం ముందు చతికిలబడింది. చుక్కమేక పక్కన కూర్చుంది.

"అనగనగా ఒక చెట్టు తొర్ర. ఆ తొర్రలో ఒక తల్లి చిలక, ఒక పిల్ల చిలక."

చిలక తల తిప్పింది.

"తల్లి పిల్లకు కథ చెబుతోంది. అనగనగా ఆకాశమంత జామతోట అంది. అందులో అన్నీ దోరకాయలే అంది. ఆ తోటకు ఒక్క చిలకే వెళ్ళగలదు, దానికి దారి ఎట్లా తెలిసిందంటే…" మంకెన ఆగింది.

చిలక పంజరం ఊచలకు ముక్కు ఆనించింది. మాంత్రికుడు కళ్ళెర్రజేశాడు. చిలక ఊఁ అనలేదు.

"ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే కథ నడవదు. సరే, వేరే వైపు నుంచి చెబుతా" అంది మంకెన. "సగం కథలో ఒక చెయ్యి వచ్చింది. తొర్రలో దూరింది. పిల్లను పట్టుకుంది. తల్లి అరిచింది. ఏమని అరిచిందంటే…"

మళ్ళీ ఆగింది. చిలక రెక్కలు వణికాయి. ముక్కు తెరిచింది.

"నోరు ముయ్!" అని అరిచాడు మాంత్రికుడు. చిలక మూసుకుంది.

సూర్యుడి అంచు కొండల్ని తాకింది. మంకెన వేలు మొద్దుబారిపోయింది. ఇక ఒక్కసారే మిగిలింది. కోపంతో లోపలున్నదంతా చెప్పేసింది.

"దాన్ని ఎవరూ అడగలేదు! పంజరం కావాలా అని అడగలేదు, వాడి ప్రాణం నీ గొంతులో దాస్తాను, మోస్తావా అని అడగలేదు. నన్నూ అడగలేదు. ఈ కొండమీద ఒక్క పోచనూ అడగలేదు. వాడు చెప్పడం, మనం ఊఁ అనడం! అప్పుడు ఆ చిలకకు కోపం వచ్చింది. కడుపు రగిలేంత కోపం వచ్చింది. ఆ పరాయి ప్రాణాన్ని తుపుక్కున ఉమ్మేసింది. మాంత్రికుడు గడ్డిపోచయ్యాడు, గడ్డిపోచలన్నీ మనుషులయ్యాయి. చిలక పంజరం దాటి, వాళ్ళమ్మ చెప్పిన జామతోటకు దారి తానే వెతుక్కుంటూ ఎగిరిపోయింది. ఇదీ కథ. నీకిష్టమేనా చిలకమ్మా?"

ఆ చిలకను "ఇష్టమేనా?" అని ఒకరు అడగడం అది పుట్టాక అదే మొదలు.

"ఊఁ!" అంది చిలక.

నోరు జారి అందో, మనసారా అందో చిలకనే అడగాలి. నేనైతే మనసారానే అందంటాను. మాంత్రికుడు లేవబోయాడు, లేవలేకపోయాడు. బాసింగం కిందపడింది. అరుగు మీద, రాతి పగులులో, ఒక్క సన్నటి గడ్డిపోచ నిలిచింది. చుక్కమేక తాపీగా లేచి, వెళ్ళి, దాన్ని కొరికి నమిలింది. మూడేళ్ళ తర్వాత తిన్న మొదటి పచ్చిక. చేదుగా ఉన్నట్టుంది, మొహం వికారంగా పెట్టింది. అయినా ఉమ్మలేదు.

మంకెన వేలికున్న ఉంగరం ఎండిపోయి గాలికి ఎగిరిపోయింది. చిలక అప్పటికే ఆకాశంలో చుక్కంతైంది. ఇక కొండ! కింద దాకా కొండంతా లేచి నిలబడింది. ముసలివాళ్ళు, పడుచువాళ్ళు, బుట్టలతో ఉన్నవాళ్ళు, గుర్రం కళ్ళెం ఇంకా చేతిలో ఉన్నవాళ్ళు. తుమ్మేవాళ్ళు తుమ్ముతున్నారు, పేర్లు పెట్టి పిలుచుకునేవాళ్ళు పిలుచుకుంటున్నారు. ఎన్నేళ్ళుగానో నోరు లేని కొండ ఒక్కసారి సంతయింది. వీరకేతు, సోమకేతు పరుగున వచ్చి చెల్లెల్ని పట్టుకుని ఏడ్చారు.

ఆ జనంలోంచి ఒక్కడు మాత్రం "చుక్కీ! చుక్కీ! ఇంత చిక్కిపోయావేమే!" అంటూ వచ్చి మేక మెడ కౌగిలించుకున్నాడు. వాడే ఓబన్న. తర్వాత తలెత్తి మంకెన వేలు చూశాడు. "పసరు కడతాను, నొప్పి తగ్గుతుంది. కట్టమంటావా?" అని అడిగాడు. అడిగి, ఆమె చెయ్యి చాపేదాకా ఆగాడు. మంకెన అది గమనించింది.

మల్లెమడుగు కోట వాకిట్లో నందివర్ధనుడు నిలబడే ఉన్నాడు. సగానికి సగం చిక్కిపోయాడు. కొడుకుల్ని చూశాడు, కూతురు వేలి మీది మచ్చ చూశాడు. దగ్గరికి రావడానికి భయపడ్డాడు.

"కోపం పోయిందా తల్లీ?" అన్నాడు.

అవే మాటలు. ఈసారి నిజంగా నాన్నవే. అందరూ ఆమె ముఖంలోకి చూశారు.

"ఊహూఁ" అంది మంకెన. "ఇంకా ఉంది నాన్నగారూ. చాలా ఉంది. రోజూ కొంచెం తిడతాను, వింటారా?"

"వింటాను" అన్నాడు రాజు. పుట్టి బుద్ధెరిగాక ఊఁ అనవలసినచోట ఊఁ అనకుండా ఒక పూర్తి మాట అనడం ఆయనకు అదే మొదలు.

"అయితే పదండి, అన్నం తిందాం. నాకు ఆకలేస్తోంది" అని తండ్రి చెయ్యి పట్టుకుంది.

తర్వాత రాజు కిరీటం ఇవ్వబోతే వీరకేతు, సోమకేతు వద్దన్నారు. "ఊఁ అనడంలో మేమూ మీ కొడుకులమే నాన్నగారూ, చెల్లికివ్వండి" అన్నారు. రాజు ఈసారి కూతురి వైపు తిరిగి "నీకిష్టమేనా?" అని అడిగాడు. "ఎందుకు?" అని అడిగి, పొద్దంతా వాదించి, అప్పుడు పుచ్చుకుంది. కూర్చున్న మొదటిరోజే ఒక కట్టుబాటు పెట్టింది. ఆ రాజ్యంలో ఏ పెళ్ళైనా సరే, పందిట్లో అందరికీ వినబడేట్టు పెళ్ళికూతురు ఊఁ అంటేనే బాజాలు మోగాలి. తల వంచుకుంటే కాదు, సిగ్గుపడితే కాదు, ఊరుకుంటే అసలే కాదు.

ఓబన్న మొదటి ఏడు వచ్చి అడిగాడు, "నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అని. మంకెన మాట్లాడలేదు. అతను దాన్ని ఊఁ అనుకోలేదు, వెళ్ళి మేకలు కాచుకున్నాడు. రెండో ఏడు వచ్చి అడిగాడు. "ఆలోచించుకోవాలి" అంది. "ఆలోచించుకో" అని వెళ్ళి మేకలు కాచుకున్నాడు. మూడో ఏడు చుక్కమేకను కూడా వెంటబెట్టుకుని వచ్చి అడిగాడు.

మంకెన అతని కళ్ళలోకి చూసింది. నవ్వింది.

"ఊఁ" అంది.

బాజాలు మోగాయి. చుక్కమేక మే అంది. ఆ ఇద్దరూ మల్లెమడుగును నూరేళ్ళు చల్లగా ఏలారు. పచ్చకొండ మీద ఇప్పుడు నిజమైన గడ్డే మొలుస్తుంది, ఊరి మేకలన్నీ అక్కడే మేస్తాయి.

కథ కొండ దిగింది. నా కోపమూ చాలావరకు దిగింది. ఇక లేచి చేతులు కడుక్కుని, చప్పుడు చేయకుండా కాకరకాయ కూర తింటారా?

ఊఁ అన్నదెవర్రా? దేనికన్నారో తెలిసే అన్నారా?